పట్నంలో ఒంటరైన మన పిల్లల నాటిక మన పల్లెల్లోనూ ఆడాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఇటీవల విజయనగరంలో జరిగిన నాటికల ప్రదర్శనల గురించి మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. జ్యోతి ప్రజ్వలన చేసినవారు, వేదిక నలంకరించినవారు, సత్కారం పొందినవారు అందరి పేర్లూ అందులో ఉన్నాయి. రెండో రోజు రాత్రి ఆడిన నాటిక గురించి మాత్రం ‘ప్రేక్షకులను ఆకట్టుకుంది’ అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ లేదు. మన ఉత్తరాంధ్ర నుంచి ఒక కలను వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లిన కుర్రవాడి ఒంటరితనం ఆ నాటికకు వస్తువు. ఆ గంటసేపు హాలులో కూర్చున్నవారిలో చాలామందికి కొడుకో, కూతురో, తోబుట్టువో, మనవడో దూరపు నగరంలో ఉండే ఉంటారు. నాటిక అయిపోయాక చాలామంది వెంటనే కుర్చీల నుంచి లేవలేదు. అటువంటి ప్రదర్శనకు ఒక వాక్యం చాలదనిపించి, అందులో ఏముందో, దానిని ఎవరు చూడవలసి ఉందో వివరంగా రాస్తున్నాను. ఈ లేఖ కాస్త దీర్ఘమైనా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

ఆ నాటిక ప్రస్తుతం పరిషత్తుల, అంటే నాటక పోటీలు జరిపే సంస్థల, పోటీలకు తిరుగుతోంది. న్యాయనిర్ణేతల ముందుకు వెళ్లవలసిన ప్రదర్శనను పత్రికలో పేరు పెట్టి పొగడడం తోటి నాటక సమాజాలకు న్యాయం కాదు గనుక నాటిక పేరు, రచయిత పేరు, సమాజం పేరు రాయడం లేదు. నేను తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవాడిని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా రిక్రియేషన్ క్లబ్బు నాటకాలలో చిన్నచిన్న వేషాలు వేశాను, ఎక్కువగా తెర వెనుక ప్రాంప్టింగ్ చెప్పాను. ఆ అనుభవం మేరకే మాట్లాడుతున్నాను.

కథ చిన్నది. గజపతినగరం దగ్గర ఒక పల్లెటూరి కుర్రవాడు విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుని, సినిమాలలో నేపథ్య గాయకుడు కావాలని హైదరాబాదు వెళతాడు. కృష్ణానగర్ దగ్గర ఒక హాస్టలు గదిలో ముగ్గురితో కలిసి ఉంటాడు. పగలు స్టూడియోల చుట్టూ తిరుగుతాడు, రాత్రిళ్లు ఒక ఫంక్షన్ ఆర్కెస్ట్రాలో పాడి గది అద్దె కట్టుకుంటాడు. చివరకు ఒక సంగీత దర్శకుడి దగ్గర ట్రాక్ పాడే అవకాశం దొరుకుతుంది. ట్రాక్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. పాట బాణీ కుదిరాక ముందుగా ఒక కొత్త గాయకుడిచేత పాడించి రికార్డు చేసి ఉంచుకుంటారు. పేరున్న గాయకుడు తీరిక చూసుకుని వచ్చి దానిని విని, అదే బాణీలో తాను పాడి వెళతాడు. ఆ తరువాత మొదటి గొంతును తీసేస్తారు. కొన్ని సందర్భాలలో ట్రాక్ పాడినవారి గొంతే నచ్చి ఉంచిన దాఖలాలు కూడా ఉన్నందువల్ల, పాడిన ప్రతి కుర్రవాడూ ఈసారి తన గొంతే ఉండిపోతుందేమోనన్న ఆశతో ఇంటికి ఫోను చేసి చెప్పుకుంటాడు. ఈ కుర్రవాడూ అదే చేశాడు. ఊరంతా ఆ సినిమా కోసం ఎదురుచూస్తుంది.

వేదికను నిలువునా రెండు భాగాలు చేశారు. ప్రేక్షకులకు ఎడమ పక్క పల్లెలోని ఇంటి వీధి గది, కుడి పక్క నగరంలోని హాస్టలు మేడ మీద నీళ్ల ట్యాంకు. మధ్యలో గోడగానీ తెరగానీ లేదు. ఒక పక్క దీపం వెలిగితే రెండో పక్క చీకటి. నాటికలో చాలాసేపు ఇలాగే నడిచింది. ఒకే ఒక్క సన్నివేశంలో రెండు పక్కలా ఒకేసారి వెలుతురు ఇచ్చారు. ఈ నాటికకు ప్రాణం ఆ సన్నివేశమే.

ఎడమ పక్క తల్లి చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చుంది. ఇరుగుపొరుగువారు నలుగురు టీవీ ముందు చేరారు. పాట మొదలైంది. పల్లవి ఎత్తుకున్న మొదటి క్షణంలోనే ఆమె చేయి ఆగిపోయింది. చుట్టూ ఉన్నవారు ‘మనోడే, మనోడే’ అని సంబరపడుతున్నారు. ఆమె ఏమీ అనలేదు. ఆ గొంతు తన కొడుకుది కాదని ఆమెకు తెలిసిపోయింది. పాట అయ్యేదాకా చేతిలోని పిక్కను అలాగే పట్టుకుని ఉంది. కొడుకు దగ్గర నుంచి ఫోను వచ్చింది. వాళ్ల ముందు మాట్లాడలేక ఫోను తీసుకుని పెరటి వైపు నడిచింది. కుడి పక్క ఆ కుర్రవాడు గదిలో నిద్రపోతున్నవారికి వినపడకుండా ట్యాంకు చాటున నిలబడి ఉన్నాడు. తన గొంతు తీసేశారని ఆ సాయంత్రమే అతనికి తెలిసింది.

‘ఇన్నాం నాన్నా. బాగుంది’ అంది తల్లి.

‘గొంతు కొంచెం వేరేగా ఉంటాదమ్మా. మిషన్లో అలగే సేస్తారు’ అన్నాడు కొడుకు.

‘ఔను నాన్నా, మిషన్లో కదా. తిన్నావేటి?’

‘తిన్నానమ్మా.’

అంతకు మించి మాటల్లేవు. అతను తినలేదని మనకు తెలుసు. ఆ గొంతు అతనిది కాదని ఆమెకు తెలుసునని మనకు తెలుసు. వారిద్దరికీ మాత్రం ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అవతలివారి మనసు కష్టపెట్టకూడదన్న ప్రేమతోనే ఇద్దరూ అబద్ధమాడారు, ఆ ప్రేమవల్లనే ఇద్దరూ ఒంటరివారైపోయారు. తండ్రి గడపలో నిలబడి భార్య ముఖం వంక చూస్తూ, చేత్తో ‘ఏమన్నాడు?’ అని అడిగాడు. ఆమె ‘బాగున్నాడు’ అని తలూపింది. నాటిక మొత్తంలో తండ్రి కొడుకుతో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడడు. హాస్టలు డబ్బు చాలని నెలలో ఎవరిచేతనో ఫోన్‌పే చేయించి, ‘అందిందేమో కనుక్కో’ అని భార్యకు చెప్పడమే ఆయన మాట్లాడే పద్ధతి. ఆ వేషం వేసిన నటుడికి డైలాగులు అతి తక్కువ. ఆయన భుజం మీద తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్న తీరులోనే అడగలేని ప్రశ్నలన్నీ కనిపించాయి.

ఈ సన్నివేశం సినిమాలోనో, సీరియల్లోనో అయితే ఇలా కుదరదని నా అభిప్రాయం. కెమెరా మొదట తల్లి ముఖం చూపిస్తుంది, తరువాత కొడుకు ముఖం చూపిస్తుంది. ఎప్పుడు ఎవరిని చూడాలో దర్శకుడే నిర్ణయిస్తాడు. తెరను రెండుగా చీల్చి చూపినా, ఎవరి ముఖం ఎంత దగ్గరగా కనపడాలన్నది ఆయన చేతిలోనే ఉంటుంది. నాటకంలో ఇద్దరూ మన కళ్ల ముందు సజీవంగా, ఒకే వేదిక మీద, పది అడుగుల దూరంలో ఉంటారు. చేయి చాపితే అందేటంత దగ్గరలో ఉన్న ఇద్దరు మనుషులు వందల మైళ్ల దూరాన్ని నటిస్తూ ఉంటే, ఎవరిని చూడాలో తేల్చుకోలేక మన చూపు అటూ ఇటూ కొట్టుకుంటుంది. నా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ ‘చెప్పేయవమ్మా, చెప్పేయ్’ అని పైకే అనేశారు. ఎవరూ ఆమెను వారించలేదు. ఆ హాలులో మైకులు గరగరమంటూ, వెనుక వరసలకు సగం మాటలు చేరని పరిస్థితి ఉన్నా, ఆ నాలుగు మాటలూ చివరి కుర్చీ దాకా వినిపించాయి. అప్పుడు హాలులో అంత నిశ్శబ్దం ఉంది.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పల్లె తపాలా కార్యాలయాలలోనే గడిచింది. చదువు రానివారికి ఉత్తరాలు చదివి పెట్టడం, మనియార్డరు ఫారం మీద సందేశానికి విడిచిన ఆ కాస్త చోటులో వారు చెప్పింది రాసి పెట్టడం రోజువారీ పనిగా ఉండేది. ఖరగ్‌పూర్, రాయపూర్, మద్రాసు, సూరత్, వేరావల్ నుంచి వచ్చే కార్డులలో ‘నేను ఇక్కడ క్షేమం’ అన్న మాట లేని కార్డు నేను చూడలేదు. ఇక్కడి నుంచి వెళ్లే జవాబులలోనూ అదే మాట ఉండేది. పంట పోయిన ఏడాదీ అదే రాయించేవారు, ఇంట్లో మనిషి మంచాన ఉన్నప్పుడూ అదే రాయించేవారు. ఉత్తరం చేరేసరికి వారం రోజులు పట్టే ఆ కాలంలో కష్టం దాచడానికి ఒక కారణం ఉండేది. విన్నవాడు వెంటనే రాలేడు, రాకుండా ఉండనూ లేడు. ఇప్పుడు జేబులో ఫోను ఉండి, కావాలంటే ముఖం కూడా చూసుకోగలిగిన రోజులలో కూడా మనం ఆ కార్డు మీది మాటలే మాట్లాడుకుంటున్నామని ఆ రాత్రి నాకు తెలిసింది.

నాటికలో మరొక సన్నివేశం గురించి చెప్పకుండా ఉండలేను. ఆ కుర్రవాడు నగరంలో తన యాసను మార్చుకుంటాడు. ఒక ఆడిషన్‌లో పాడడానికి ముందు పేరూ ఊరూ అడిగితే అతను చెప్పిన తీరుకు అక్కడివారు నవ్వుతారు, మరొకసారి చెప్పమని ఫోనులో రికార్డు చేసుకుంటారు. అప్పటి నుంచి అతను ఎవరితో మాట్లాడినా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు. ఈ అనుభవం మన ప్రాంతం నుంచి చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన పిల్లలలో చాలామందికి ఉంది. మన యాసను వెండితెర మీదా, బుల్లితెర మీదా చాలాకాలం పనివాళ్ల పాత్రలకూ, అమాయకుల పాత్రలకూ, నవ్వించే పాత్రలకూ కేటాయించారు. ఆ నవ్వుకు మూల్యం ఇటువంటి పిల్లలు చెల్లిస్తున్నారు. నోరు తెరిస్తే నవ్వుతారేమోనన్న భయంతో ఉన్న మనిషికి స్నేహితులు ఎలా దొరుకుతారు? ఒంటరితనమంటే చుట్టూ మనుషులు లేకపోవడమే కానక్కరలేదు. తన గొంతుతో తాను మాట్లాడే చోటు దొరకకపోయినా మనిషి ఒంటరే అవుతాడు. పాడే గొంతును స్టూడియోలో తీసేశారు, మాట్లాడే గొంతును తానే తీసేసుకున్నాడు. రచయిత ఈ రెండింటినీ ఎక్కడా ముడిపెట్టి చెప్పలేదు, ప్రేక్షకులకే వదిలేశాడు. అందుకు ఆయనను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

ఆ రాత్రి ఫోను పెట్టేశాక అతను కిందికి దిగి వీధిలోకి వస్తాడు. పక్కన కడుతున్న అపార్టుమెంటు దగ్గర కాపలా ఉన్న ఒక పెద్దాయన ఇటుకల మీద కూర్చుని అన్నం తింటుంటాడు. కుర్రవాడు అగ్గిపెట్టె అడుగుతాడు. అడిగిన తీరులో ఎక్కడో ఒక మాట జారింది కాబోలు, పెద్దాయన తల ఎత్తి ‘మనోడివేనేటి బావూ?’ అంటాడు. కుర్రవాడు మొదట ‘నాది విజయనగరమండీ’ అని నగరపు తెలుగులో జవాబిస్తాడు. ఒక క్షణం ఆగి, ‘గజపతినగరం కాడ మావా’ అంటాడు. పెద్దాయన శ్రీకాకుళం జిల్లా హిరమండలం వైపు మనిషి. తన గిన్నెలోని అన్నం సగం మూత మీదికి తీసి పెడతాడు. ఏమైందని అడగడు. ఆ కుర్రవాడు తింటూ ఏడుస్తాడు. తల్లి అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పినవాడు ఈ పెద్దాయన ముందు దాచలేకపోతాడు.

ఈ కాపలాదారు పాత్ర ద్వారా రచయిత ఒక న్యాయమైన పని చేశాడు. కలల కోసం వెళ్లినవారి గురించే మాట్లాడి, కూలి కోసం వెళ్లినవారిని మరచిపోవడం మన కథలకూ, నాటకాలకూ అలవాటు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రైలెక్కేవారిలో ఇంజనీరింగు చదివి వెళ్లేవారూ ఉన్నారు, తాపీ, సెంట్రింగు పనులకు వెళ్లేవారూ ఉన్నారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది మరణించినప్పుడు, వారిలో మన రెండు జిల్లాల కూలీలు అనేకమంది ఉన్నారు. శవాలను అంబులెన్సులలో మన ఊళ్లకు తీసుకొచ్చిన ఆ రోజులు ఇక్కడివారెవరూ మరచిపోలేరు. ఆ పెద్దాయన పాత్ర పల్లెలో ఉన్న తన మనవడి గురించి మాట్లాడుతూ, ‘ఆడికి పేరెట్టినప్పుడు సూసినాను, మల్లీ సూల్లేదు’ అన్నప్పుడు కల ఉన్నవాడూ, కల కనే తీరిక కూడా లేనివాడూ ఒకే వీధి దీపం కింద కూర్చుని ఉన్నారనిపించింది.

ఇంతగా మెచ్చుకున్న నాటికలో నాకు నచ్చనిది ఒకటి ఉంది. అది ముగింపు. చివరి పది నిమిషాలలో ఆ కుర్రవాడు సంచీ సర్దుకుని రైలెక్కి ఊరికి వచ్చేస్తాడు. తండ్రి కాళ్ల మీద పడతాడు. పట్నం మాయ అనీ, సొంత ఊరే స్వర్గమనీ ఒక నిమిషం పాటు మాట్లాడి, తండ్రి చేతిలోని పార అందుకుంటాడు. చప్పట్లు బాగా పడ్డాయి. అయినా ఆ ముగింపు ఆ నాటిక సహజంగా చేరుకున్నది కాదని నా అభిప్రాయం. పరిషత్తు నాటికలలో చివర సందేశం ఉండి తీరాలన్న పట్టుదల చాలాకాలంగా ఉంది. యాభై నిమిషాలు నిజం చెప్పిన రచయిత, మిగిలిన పది నిమిషాలు ఆ ఆనవాయితీకి అప్పజెప్పాడు.

ఊరు వదిలి వెళ్లడం పిల్లల పొరపాటు అన్నట్టు మాట్లాడడం వారికి అన్యాయం చేయడమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటలనూ, జీడి తోటలనూ నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆ ఇంటి పిల్లవాడు ఊళ్లో కూర్చుని ఏం చేయాలి? మన జిల్లాలోని జూట్ మిల్లులు మూతపడుతూ, తెరుచుకుంటూ, మళ్లీ మూతపడుతూ వచ్చిన కాలంలో ఆ కార్మికుల పిల్లలు పొరుగు రాష్ట్రాలకు వెళ్లారంటే అది పట్నపు మోజు కాదు. ఇక సంగీతం నేర్చుకున్న పిల్లవాడికి పార అందించి కథ ముగించడం మరీ కష్టంగా తోచింది. సేద్యం గొప్పదే. ఆ కుర్రవాడికి వచ్చిన విద్య కూడా గొప్పదే. నాటిక పూర్తయ్యాక ఆ విద్య ఏమైపోయిందని అడిగేవారు లేకపోవడం నన్ను బాధించింది.

నాకు అనుమతిస్తే రచయితకు ఒక సూచన. ఆ కుర్రవాడు ఊరికి రానక్కరలేదు, విజేత కూడా కానక్కరలేదు. మరునాడు తల్లి ఫోను చేసి ‘ఆ గొంతు నీది కాదని నాకు తెలుసు నాన్నా’ అంటే చాలు. ఆ ఒక్క మాటతో అతను అబద్ధాల బరువు దించుకుంటాడు. నగరంలో ఉండాలో, రావాలో ఆ తరువాత తానే తేల్చుకుంటాడు.

ఇక్కడ మన ఊరి చరిత్ర ఒకటి గుర్తు చేయవలసి ఉంది. ఈ రోజు మన పిల్లలు నగరాలకు వెళుతున్నారు గానీ, ఒకప్పుడు విజయనగరమే చుట్టుపక్కలవారికి నగరం. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు ఈ ఊళ్లో తొలిసారి ప్రదర్శించిన గురజాడవారి ‘కన్యాశుల్కం’ మొదలయ్యేదే ఈ ఊరి బొంకులదిబ్బ దగ్గర. ఆ నాటకంలో అప్పులూ, ఆర్భాటాలూ, కొత్త చదువులూ, కొత్త మోసాలూ ఉన్న పట్నం మన విజయనగరమే. 1919లో సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైన తరువాత, సంగీతం మీద ఆశతో ఎక్కడెక్కడి పిల్లలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఈ ఊరికి వచ్చేవారు.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అలా వచ్చినవారే. కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టి, తండ్రిని పోగొట్టుకుని, సంగీతం తప్ప మరో ధ్యాస లేని ఆ బాలుడు తెలిసినవారెవరూ లేని మన ఊరికి వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పారు. ఘంటసాలగారు ఈ వీధులలో జోలె పట్టి మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, ఆకలి తీర్చుకున్న సంగతి ఆయన జీవితం తెలిసినవారందరూ చెప్పుకునేదే. ఆ తరువాత మద్రాసులో అవకాశాల కోసం తిరిగిన రోజులలో పానగల్ పార్కులో పడుకున్న రాత్రులు కూడా ఆయన జీవితంలో ఉన్నాయి. ఆయనది అదృష్టం అనుకుని ఊరుకోవచ్చు. కానీ జోలె పట్టిన పిల్లవాడికి అన్నం పెట్టిన గడపలు ఈ ఊళ్లో ఉన్నాయన్న సంగతి కూడా చెప్పుకోవాలి. పేద విద్యార్థికి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం పెట్టే వారాల పద్ధతి అప్పట్లో ఉండేది. అందులో కులపు కట్టుబాట్లు ఉన్నాయి, అందరు పిల్లలకూ ఆ తలుపులు తెరుచుకోలేదు. ఆ లోపాన్ని దాచనక్కరలేదు. అయినా, కల వెంట వచ్చిన పరాయి ఊరి పిల్లవాడి పేరు తెలిసిన ఇళ్లు ఊళ్లో కొన్నయినా ఉండాలన్న ఆలోచన ఆ పద్ధతిలో ఉంది. ఇప్పటి హాస్టలు గదిలో నలుగురు కలిసి నిద్రపోతారు గానీ, రాత్రి పది దాటినా ఒకడు రాలేదని అడిగే మనిషి ఉండడు.

హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ స్థిరపడిన మన ప్రాంతంవారికి సంఘాలున్నాయి. కార్తీకమాసంలో వనభోజనాలు పెట్టుకుంటారు, సంక్రాంతికి ముగ్గుల పోటీలు జరుపుకుంటారు. అవి జరగవలసినవే. వాటితో పాటు, కొత్తగా వచ్చిన పిల్లలు నెలకొకసారి అయినా ఒక ఇంట కూర్చుని మన మాటలో మాట్లాడుకుంటూ అన్నం తినే ఏర్పాటు ఆ సంఘాలవారు చేస్తే ఎంత మేలు! దానికి పెద్ద ఖర్చు కాదు. నాటికలో కాపలాదారు చేసింది అదే.

ఇక అసలు మనవికి వస్తాను. ఈ నాటికను చూడవలసినవారు పరిషత్తుల హాళ్లకు వచ్చేవారు కారు. ఆ హాళ్లకు వచ్చేది ఎక్కువగా నాటకం మీద అభిమానం ఉన్న నాబోటి పెద్దవాళ్లు. ఫోనులో రోజూ ‘తిన్నావేటి?’ అని అడిగే తల్లిదండ్రులు పలాసలోనూ, టెక్కలిలోనూ, రాజాంలోనూ, చీపురుపల్లిలోనూ, బొబ్బిలిలోనూ, వాటి చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. నాటిక వారి దగ్గరకు వెళ్లాలి. దీనికి సంక్రాంతిని మించిన సమయం లేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా, ప్రశాంతి నిండా మన పిల్లలు ఇళ్లకు వచ్చేది ఆ నాలుగు రోజులే. తల్లీ కొడుకూ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని ఆ ఫోను సన్నివేశం చూస్తే, ఇంటికి వెళ్లాక వారి మధ్య జరగవలసిన మాట జరుగుతుంది.

మన ఊళ్లలో అమ్మవారి పండగలకు డీజేలకూ, బాణసంచాకూ చందాలు వేసుకుని చాలానే ఖర్చు పెడుతున్నారు. అందులో కొంత భాగంతో ఒక నాటికను పిలిపించుకోవచ్చు. ఏడెనిమిది మంది నటులు, ఒక మేకప్ మనిషి, లైటింగు, సంగీతం, వ్యాను బాడుగ, రాత్రి భోజనం. నాటక సమాజాలవారికి పరిషత్తులలో వచ్చే పారితోషికం దారి ఖర్చులకే చాలదన్నది ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. పగలు ఉద్యోగాలు చేసుకుని, సాయంత్రాలు రిహార్సల్సు వేసుకుని, సెలవు పెట్టి ఊళ్లు తిరుగుతున్న ఆ నటులు పిలిస్తే తప్పక వస్తారు. పల్లెలో ఆడితే లైటింగు కాస్త తగ్గుతుంది. అయినా ఈ నాటికకు కావలసింది రెండు పక్కలా రెండు దీపాలు మాత్రమే. తప్పెటగుళ్లు, జముకుల కథ వంటి జానపద కళలను తెల్లవార్లూ చూసిన ఊళ్లు ఒక గంట నాటికను ఆదరించలేవని నేను అనుకోను.

ప్రభుత్వ సాంస్కృతిక శాఖవారికి కూడా ఇదే విన్నపం. ఏటా ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు సన్మానాలతో పాటు, జిల్లాకు ఒకటి రెండు మంచి నాటికలను ఎంపిక చేసి, ఆ ఏడాదంతా మండల కేంద్రాలలో ఉచితంగా ప్రదర్శించే ఏర్పాటు ప్రకటిస్తే బాగుంటుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజులలో జరిగే విజయనగరం ఉత్సవాలలోనూ, శ్రీకాకుళం బాపూజీ కళామందిరంలోనూ ఇటువంటి వాటికి ఒక సాయంత్రం కేటాయించాలి. డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలల యాజమాన్యాలు చివరి సంవత్సరం విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు కలిపి చూపించాలి. పిల్లలు రైలెక్కే ముందే ఇద్దరూ కలిసి చూడడం మంచిది.

మీ పత్రికకు నా మనవి ఒక్కటే. జిల్లా పేజీలో వారానికి ఒకసారి నాటక సమీక్షకు కాస్త చోటు ఇవ్వండి. ముఖ్య అతిథుల పేర్లతో పాటు, వేదిక మీద ఏం జరిగిందో, ఎవరు ఎలా నటించారో, ఎక్కడ లోపం ఉందో నాటకం తెలిసినవారిచేత రాయించండి. ఆ తల్లి పాత్ర వేసిన నటి చింతపండు పిక్క పట్టుకుని ఆగిపోయిన ఆ క్షణం గురించి మరునాటి పత్రికలో వస్తుందేమోనని ఆమె, ఆమె తోటివారు తప్పక చూసి ఉంటారు. సమీక్ష వస్తే రచయిత ముగింపు మార్చుకునే ఆలోచన చేయవచ్చు, చదివిన ఊరివారు ఆ నాటికను పిలిపించుకోవచ్చు. ఉత్తరాంధ్రలో నాటకం ఆడుతున్నవారి చిరునామాలు కావాలని ఏ గ్రామ పెద్దలైనా, కళాశాలలవారైనా మీ కార్యాలయానికి రాస్తే, నాకు తెలిసిన సమాజాల వివరాలు అందించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
విజయనగరం.